గొర్రె నట్టల నుంచి డీఎన్‌ఏ తీసి పీసీఆర్ చేయడం ఎలా?

"పీసీఆర్ మూడుసార్లు చేశాను, బ్యాండ్ రావడం లేదు. ప్రైమర్లు మార్చమంటారా?" పారసైటాలజీ, జువాలజీ పీజీ పిల్లల నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఇదే. పీసీఆర్ అంటే డీఎన్‌ఏలో మనకు కావలసిన ముక్కను ఎన్నో నకళ్లుగా పెంచడం. ఆ ముక్క రెండు చివర్లా అతికే చిన్న డీఎన్‌ఏ పోగులు ప్రైమర్లు. పెరిగిన ముక్క జెల్ మీద కనబడే గీతే బ్యాండ్. ప్రైమర్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు పురుగుల్ని దేంట్లో కడిగారు, ఎంతసేపు ఉంచారు, దేంట్లో నిల్వ చేశారు అని అడుగుతాను. కుళాయి నీళ్లలో కడిగామనో, ఫార్మలిన్‌లో వేశామనో, కడగకుండానే ఆల్కహాల్‌లో వేసేశామనో చెబుతారు. బ్యాండ్ పోయింది అక్కడే. పీసీఆర్ మెషీన్ దగ్గరికి వచ్చేసరికి చేయగలిగింది పెద్దగా మిగలదు.

అందుకే ఈ పద్ధతిని కబేళా గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టి రాస్తున్నాను. ఉదాహరణకు హీమాంకస్ కంటార్టస్‌ను తీసుకున్నాను. గొర్రెలు, మేకల నాలుగో పొట్టలో, అంటే అబోమాసంలో ఉండి నెత్తురు తాగే పురుగు ఇది. ఒక్కో పురుగు వల్ల రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పోతుంది. పొట్టలో వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మి.లీ. అన్నమాట. కంటి రెప్ప లోపల తెల్లగా పాలిపోయి, దవడ కింద నీరు దిగిన గొర్రెను చూస్తే కాపరులు "నట్టలు పట్టాయి" అంటారు. చాలాసార్లు ఆ నట్ట ఇదే. మన దగ్గర సులువుగా, కావలసినన్ని దొరుకుతుంది కాబట్టి చేయి తిరగడానికి ఇంతకంటే మంచి పురుగు లేదు. ఇదే పద్ధతి చిన్న మార్పులతో మిగతా గుండ్రటి పురుగులకూ పనికొస్తుంది. కార్జపు జలగలకు, బద్దె పురుగులకు డీఎన్‌ఏ తీసే భాగం వరకు సరిపోతుంది గానీ ప్రైమర్లు వేరు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

కబేళాకు: చేతి తొడుగులు, గమ్ బూట్లు, పురికొస, ప్లాస్టిక్ సంచులు, చెరగని ఇంకు పెన్ను, పెన్సిలు, ఐస్ లేని థర్మాకోల్ పెట్టె, రెండు ఫ్లాస్కుల నిండా 37-38 డిగ్రీల సెలైన్. సెలైన్ అంటే లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 9 గ్రాముల సోడియం క్లోరైడ్, అంతే. పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్ కలిపిన సెలైన్) ఉంటే ఇంకా మంచిది.

ల్యాబ్‌లో: స్టీరియో మైక్రోస్కోప్, సన్నని పటకారు, కొత్త బ్లేడు, పెట్రి డిష్‌లు, ఆబ్సల్యూట్ ఇథనాల్, 1.5 మి.లీ. ట్యూబులు, 56 డిగ్రీల వాటర్ బాత్ లేదా డ్రై బాత్, సెంట్రిఫ్యూజ్, ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్ ప్రొటినేజ్-కె (మి.లీ.కు 20 మి.గ్రా.), డీటీటీ (1 మోలార్), ఐసోప్రొపనాల్, బాగా సంతృప్తమైన ఉప్పు ద్రావణం (సుమారు 6 మోలార్), టీఈ బఫర్ (ట్రిస్, ఈడీటీఏ కలిపినది).

కణాల్ని పగలగొట్టే లైసిస్ బఫర్ 100 మి.లీ.కు ఇలా కలుపుకోండి: 1 మోలార్ ట్రిస్ (పీహెచ్ 8.0) 5 మి.లీ., 0.5 మోలార్ ఈడీటీఏ (పీహెచ్ 8.0) 10 మి.లీ., 5 మోలార్ ఉప్పు ద్రావణం 2 మి.లీ., 10 శాతం ఎస్‌డీఎస్ 10 మి.లీ., మిగతా 73 మి.లీ. నీళ్లు. ఎస్‌డీఎస్ సబ్బు లాంటి డిటర్జెంట్, దాన్ని చివర్లో కలపండి, లేకపోతే నురగతో కొలత తేలదు. సీసాను ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి ఎస్‌డీఎస్ తెల్లగా గడ్డకడుతుంది. పొరపాటున గడ్డకడితే గోరువెచ్చగా చేస్తే మళ్లీ కరుగుతుంది, పారబోయనక్కర్లేదు.

1. పొట్టను రెండు వైపులా కట్టి తెచ్చుకోండి

తెల్లవారుజామున, కోత జరిగే వేళకే అక్కడ ఉండండి. గొర్రెను కోసిన గంటా రెండు గంటల్లోపు పురుగులు సెలైన్‌లో పడాలి. కోసేవాళ్లతో ముందురోజే మాట్లాడి పెట్టుకుంటే పని సులువు. వాళ్ల పనికి అడ్డు రాకుండా, వాళ్లు ఇచ్చినప్పుడు తీసుకోవాలి.

నాలుగో పొట్టకు రెండు చివర్లా, అంటే మూడో పొట్ట కలిసే చోట ఒకటి, పేగు మొదలయ్యే చోట ఒకటి, పురికొసతో గట్టిగా ముడి వేసి కోయించుకోండి. ముడి వేయకపోతే లోపలి పదార్థం పేగుల్లోకి జారి మిగతా జాతుల పురుగులతో కలిసిపోతుంది. ఒక్కో గొర్రె పొట్ట ఒక్కో సంచిలో వేసి, తేదీ, గొర్రె నంబరు, అది ఏ ఊరి మందదో తెలిస్తే ఆ ఊరి పేరు రాయండి. ఐస్‌లో పెట్టొద్దు. చలికి పురుగులు బిగుసుకుపోతాయి, తర్వాతి మెట్టులో అవి కదలడం మనకు అవసరం.

చేతి తొడుగులు ఏ కారణంతోనూ వదలొద్దు. బ్రూసెల్లా, క్యూ జ్వరం లాంటివి కబేళాలో చేతి గాయాల ద్వారా, ఆవిరి తుంపరల ద్వారా మనుషులకు అంటుకుంటాయి.

2. నెత్తురు కక్కించండి

ఈ మెట్టుకు మిగతా అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. తొందరలో దాటేసేది కూడా దీన్నే.

పొట్టను పెద్ద వంపు వెంబడి కత్తిరించి తెరవండి. లోపల కాఫీ రంగు ద్రవంలో వెంట్రుకల్లాంటి ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతూ కనబడతాయి. కొన్ని గోడకు అంటుకుని ఉంటాయి. పటకారుతో నడుము దగ్గర సున్నితంగా పట్టి, వెచ్చటి సెలైన్ ఉన్న పెట్రి డిష్‌లోకి వేయండి. పీకొద్దు, తెగితే తల భాగం గోడకే ఉండిపోతుంది.

మామూలు నీళ్లలో మాత్రం వేయొద్దు. నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఆడ పురుగులు చిట్లి గుడ్లు బయటపడతాయి. ఆ గుడ్లు పక్కనున్న ప్రతి పురుగుకూ అంటుకుంటాయి. ఒక్కో ఆడ పురుగు రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది, కాబట్టి ఒక్కటి చిట్లినా డిష్ మొత్తం పాడైనట్టే.

డిష్‌ను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టండి. అరగంట తర్వాత తీసి, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. పురుగుల చుట్టూ సెలైన్ తుప్పు నీటి రంగుకు తిరుగుతుంది. అవి కక్కిన, విసర్జించిన గొర్రె నెత్తురు అది. ఆ సెలైన్ వంపేసి కొత్తది పోయండి. ఇంకో అరగంటకు రంగు పలచబడుతుంది. మూడోసారి మార్చాక దాదాపు తేటగా ఉంటుంది. అప్పుడు పురుగును వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. మొదట్లో ముదురు ఎర్రగా కనబడిన పేగు గీత ఇప్పుడు లేత గోధుమ రంగులోకి వస్తుంది. అది చూశాకే ముందుకు వెళ్లండి. గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, నెత్తురుకు ఎరుపునిచ్చే హీమ్, పీసీఆర్‌లో డీఎన్‌ఏ నకళ్లు చేసే టాక్ ఎంజైమ్‌ను ఆపేస్తుంది. రెండు, ఆ నెత్తురులోని తెల్లకణాలతో గొర్రె డీఎన్‌ఏ వస్తుంది. ఈ రెండోదాన్ని నేను చదువుకునే రోజుల్లో నేర్చుకున్నాను. కడగడం తగ్గించి, అన్ని జంతువులకూ పనిచేసే సీఓఐ (మైటోకాండ్రియాలోని ఒక జన్యువు) ప్రైమర్లతో పీసీఆర్ చేశాను. 710 బేస్‌పెయిర్ల దగ్గర ఒక్కటే బ్యాండ్, చక్కగా మెరుస్తూ వచ్చింది. సీక్వెన్సింగ్‌కు పంపాను. ఎక్కడా వంక లేని సీక్వెన్స్ తిరిగొచ్చింది. పోల్చి చూస్తే అది గొర్రెది. నెల రోజుల పని, ఆ నెల ఫెలోషిప్‌లో సగం డబ్బు పోయాయి. బ్యాండ్ రానప్పటి కంటే తప్పు బ్యాండ్ చక్కగా వచ్చినప్పుడే నష్టం ఎక్కువని అప్పటి నుంచి ప్రతి విద్యార్థికీ చెబుతున్నాను.

3. మగవాటిని వేరు చేయండి

స్టీరియో మైక్రోస్కోప్ కింద ఒక్కో పురుగునూ చూడండి. ఆడది 18 నుంచి 30 మి.మీ. పొడవు ఉంటుంది. నెత్తురు నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి అండాశయాలు మెలితిరిగి, ఎరుపు తెలుపు పురి పెట్టిన తాడులా కనబడుతుంది. కక్కించాక ఎరుపు తగ్గినా మెలిక తెలుస్తూనే ఉంటుంది. వెనక భాగంలో చాలావాటికి చిన్న రెక్కలాంటి మడత ఉంటుంది. తోక మొన తేలి ఉంటుంది. మగది చిన్నది, 10 నుంచి 20 మి.మీ. దాని తోక చివర విప్పిన గొడుగు లాంటి బర్సా ఉంటుంది. అందులో ఒక పక్కకు ఒరిగిన చిన్న తమ్మె, ఆ తమ్మెకు పంగలకర్ర లాంటి ఆధారం కనిపిస్తే అది హీమాంకస్ మగదే.

డీఎన్‌ఏకు మగవాటినే వాడండి. ఆడదాని కడుపులో ఫలదీకరణ జరిగిన గుడ్లుంటాయి. ఆ గుడ్లలో తండ్రుల జన్యువులు కూడా ఉంటాయి. మొత్తం పురుగును కరిగిస్తే మీకొచ్చేది ఒక్క జీవి జన్యురూపం కాదు, ఒక కుటుంబానిది. జాతి ఏదో తెలుసుకోవడానికైతే పెద్ద ఇబ్బంది లేదు. మందుకు లొంగని జన్యువు ఉందా లేదా చూసేటప్పుడు మాత్రం లెక్క మొత్తం తారుమారవుతుంది.

మగవి చాలకపోతే ఆడదాని ముందు భాగం, తల నుంచి 3-4 మి.మీ. మాత్రం కోసి వాడండి. ఫలదీకరణ జరిగిన గుడ్లు అక్కడిదాకా రావు. ఒక్కో పురుగుకూ కొత్త బ్లేడు అంచు వాడాలి, లేదా బ్లేడును ఇథనాల్‌లో ముంచి మంటలో చూపించి చల్లార్చుకోవాలి.

మగదానిదైతే తోక భాగం కోసి, స్లైడు చేయడానికి విడిగా దాచండి. రేపు ఎవరైనా "అది హీమాంకసే అని ఏమిటి ఆధారం?" అని అడిగితే చూపించడానికి అదే ఉంటుంది.

4. నిల్వ

అదే రోజు పని చేయలేకపోతే పురుగుల్ని ఆబ్సల్యూట్ ఇథనాల్‌లో, పురుగుల పరిమాణానికి కనీసం పది రెట్లు పోసి ఉంచండి. మర్నాడు ఆ ఇథనాల్ వంపేసి కొత్తది పోయండి. పురుగు ఒంట్లోని నీరు చేరి మొదటిది పలచబడుతుంది. తర్వాత మైనస్ 20 డిగ్రీల్లో పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది.

ఫార్మలిన్ వద్దు. అది డీఎన్‌ఏను, ప్రొటీన్లను ఒకదానికొకటి అతికించి, డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. మ్యూజియం సీసాల్లోని పురుగులతో మొదటి పీసీఆర్ నేర్చుకోవాలనుకునేవారికి కూడా ఇదే మాట. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్ మీద ఆధారపడొద్దు. అందులో ఇంకేం కలిపారో మన చేతిలో ఉండదు.

ఇథనాల్ దొరకడం కష్టమైన కాలేజీలు ఉన్నాయని తెలుసు. అలాంటప్పుడు 20 శాతం డీఎంఎస్ఓ, 0.25 మోలార్ ఈడీటీఏ (పీహెచ్ 8.0), ఇక కరగనంత ఉప్పు కలిపిన ద్రావణం చేసుకోండి. మామూలు గది వేడిలోనే డీఎన్‌ఏ నిలుస్తుంది, బస్సులో మోసుకెళ్లినా మంట భయం లేదు.

ట్యూబు మీద ఇంకుతో రాసింది ఇథనాల్ తగిలితే చెరిగిపోతుంది. పెన్సిలుతో రాసిన చిన్న కాగితం ముక్కను ట్యూబు లోపల వేయండి.

5. పురుగును కరిగించండి

ఇథనాల్‌లో ఉంచిన పురుగైతే ముందు టీఈ బఫర్‌లో అరగంట నానబెట్టి, బఫర్ ఒకసారి మార్చండి. ఇథనాల్ మిగిలితే ప్రొటినేజ్-కె సరిగ్గా పనిచేయదు.

పురుగును 1.5 మి.లీ. ట్యూబులో వేసి, సన్నని కత్తెరతో ట్యూబులోనే చిన్న ముక్కలు చేయండి. 500 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్, 10 మైక్రోలీటర్ల ప్రొటినేజ్-కె, 20 మైక్రోలీటర్ల డీటీటీ వేసి, 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. మధ్యలో రెండు మూడుసార్లు ట్యూబును తలకిందులు చేయండి.

డీటీటీ ఎందుకని అడుగుతారు. గుండ్రటి పురుగు పైపొర కొల్లాజెన్‌తో అల్లింది. ఆ పోగుల్ని గంధకపు బంధాలు కుట్టేసి ఉంచుతాయి. ఆ కుట్లు విప్పేది డీటీటీ. అది లేకుండా చేస్తే తెల్లారి చూసినప్పుడు ట్యూబులో ఖాళీ గొట్టాల్లా పొరలు తేలుతుంటాయి, కొన్నిసార్లు లోపలి కండ కూడా అలాగే ఉంటుంది. డీటీటీ లేకపోతే బీటా-మెర్కాప్టోఇథనాల్ 1 శాతం వాడొచ్చు. అది ఫ్యూమ్ హుడ్‌లోనే.

ఉదయానికి ద్రవం తేటగా, కొంచెం చిక్కగా ఉండాలి. ముక్కలు ఇంకా కనబడితే మరో 5 మైక్రోలీటర్ల ప్రొటినేజ్-కె వేసి రెండు గంటలు ఆగండి. ఈ ట్యూబును ఐస్‌లో పెట్టొద్దు, కారణం పైన చెప్పాను.

ప్రతి విడతలోనూ పురుగు వేయని ఒక ట్యూబును కూడా ఇదే దారిలో నడిపించండి. దీన్నే ఎక్స్‌ట్రాక్షన్ బ్లాంక్ అంటాం. చివర్లో దీని విలువ తెలుస్తుంది.

తొందరగా కావాలంటే: ఒకే చిన్న మగ పురుగు, పీసీఆర్ మాత్రమే చేయాలి అనుకుంటే ఎస్‌డీఎస్ లేని దారి ఉంది. 10 మిల్లీమోలార్ ట్రిస్, 50 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, 2.5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 0.45 శాతం ట్వీన్-20, 0.45 శాతం ఎన్‌పీ-40 కలిపిన బఫర్ 50 మైక్రోలీటర్లలో పురుగు ముక్కలు, కొద్దిగా ప్రొటినేజ్-కె వేసి 60 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు, తర్వాత 95 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి. దీన్ని పది రెట్లు పలచన చేసి నేరుగా పీసీఆర్‌లో వేయొచ్చు. 95 డిగ్రీల మెట్టు మర్చిపోతే మిగిలిన ప్రొటినేజ్-కె మీ టాక్‌ను తినేస్తుంది. ఈ డీఎన్‌ఏ ఎక్కువ కాలం నిలవదు, వారం రోజుల్లో వాడేయండి.

6. డీఎన్‌ఏను దించండి

ఫినాల్-క్లోరోఫామ్ పద్ధతి మంచిదే, కానీ ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, ఫ్యూమ్ హుడ్ లేని చోట నేను చేయమనను. ఉప్పు పద్ధతి చాలు.

ట్యూబు చల్లబడ్డాక 180 మైక్రోలీటర్ల సంతృప్త ఉప్పు ద్రావణం వేసి, పదిహేను సెకన్లు బాగా కుదపండి. పాలలా తెల్లబడుతుంది. 13,000 ఆర్‌పీఎం వద్ద 15 నిమిషాలు తిప్పండి. పైన తేటగా ఉన్నదాన్ని కొత్త ట్యూబులోకి తీయండి. అడుగున ఉన్న తెల్లటి ముద్ద ప్రొటీన్, ఎస్‌డీఎస్. పిపెట్ దాన్ని తాకకూడదు. చివరి 50 మైక్రోలీటర్లు వదిలేయండి, ఆ ఆశ వద్దు.

తీసినదానికి దాదాపు 0.7 వంతు ఐసోప్రొపనాల్ వేసి మెల్లగా తలకిందులు చేయండి. ఒక్క పురుగు డీఎన్‌ఏ కాబట్టి పోగులు కంటికి కనబడవు, కంగారు పడొద్దు. 10 నిమిషాలు ఆగి మళ్లీ 15 నిమిషాలు తిప్పండి. ట్యూబుకు మూత అతికి ఉండే మడత ఎప్పుడూ బయటి వైపుకే ఉండేలా పెట్టుకుంటే, కనబడని డీఎన్‌ఏ కూడా ఆ వైపు అడుగునే ఉందని తెలుస్తుంది. పై ద్రవం వంపేసి, 500 మైక్రోలీటర్ల 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడగండి. ఈ కడుగుడు తగ్గితే ఉప్పు, ఈడీటీఏ మిగిలిపోతాయి. ఈడీటీఏ పీసీఆర్‌కు కావలసిన మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది.

మూత తీసి పది నిమిషాలు ఆరబెట్టి, 30 మైక్రోలీటర్ల టీఈలో కరిగించండి. టీఈలో ఈడీటీఏ 0.1 మిల్లీమోలార్ చాలు.

7. వచ్చింది డీఎన్‌ఏనేనా?

నానోడ్రాప్‌లో (కాంతిని ఎంత పీల్చుకుందో చూసి డీఎన్‌ఏను కొలిచే పరికరం) చూడండి. 260/280 నిష్పత్తి 1.8 నుంచి 2.0 మధ్య, 260/230 రెండు దరిదాపుల్లో ఉండాలి. మొదటిది తక్కువైతే ప్రొటీన్ మిగిలింది, రెండోది బాగా తక్కువైతే ఉప్పు, ఈడీటీఏ మిగిలాయి. ఇంకొకటి కూడా చూడండి. 400-415 నానోమీటర్ల దగ్గర గ్రాఫ్ గుట్టలా లేస్తే అది హీమ్. రెండో మెట్టులో నెత్తురు సరిగ్గా పోలేదు. ద్రావణం లేత పసుపుగా, గోధుమగా ఉన్నా అదే అర్థం.

మైక్రోలీటర్‌కు 10 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే నానోడ్రాప్ అంకెల్ని పట్టుకుని వేలాడొద్దు. అలాంటప్పుడు పీసీఆరే అసలు పరీక్ష.

8. పీసీఆర్

ఎన్‌సీ1, ఎన్‌సీ2 అనే ప్రైమర్లు వాడండి. రైబోసోమ్ జన్యువుల మధ్య ఉండే ఐటీఎస్-2 ముక్కను ఇవి పెంచుతాయి. ఆ జన్యువుకు ఒక్కో కణంలో ఎన్నో నకళ్లు ఉంటాయి కాబట్టి డీఎన్‌ఏ తక్కువున్నా పనవుతుంది. ప్రైమర్ వరుసను ఎవరి నోటు పుస్తకం నుంచో కాకుండా ప్రచురిత పరిశోధన పత్రం నుంచి అక్షరం అక్షరం సరిచూసుకుని ఆర్డర్ చేయండి. రెండింట్లోనూ 20 బేస్‌లు ఉండాలి.

25 మైక్రోలీటర్లకు: పది రెట్ల బఫర్ 2.5, 25 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 1.5 (బఫర్‌లో ముందే ఉంటే వేయొద్దు, ఆ మేరకు నీళ్లు పెంచండి), 10 మిల్లీమోలార్ డీఎన్‌టీపీ (కొత్త డీఎన్‌ఏ అల్లడానికి కావలసిన అక్షరాలు) 0.5, 10 మైక్రోమోలార్ ప్రైమర్లు ఒక్కోటి 1, టాక్ 0.2 (ఒక యూనిట్), డీఎన్‌ఏ 2, నీళ్లు 16.3.

94 డిగ్రీలు 5 నిమిషాలు. తర్వాత 94 డిగ్రీలు 30 సెకన్లు, 55 డిగ్రీలు 30 సెకన్లు, 72 డిగ్రీలు 30 సెకన్లు, ఇలా 35 సార్లు. చివర 72 డిగ్రీలు 7 నిమిషాలు.

ప్రతిసారీ వీటిని కూడా పెట్టండి: డీఎన్‌ఏ బదులు నీళ్లు వేసిన ట్యూబు, ఎక్స్‌ట్రాక్షన్ బ్లాంక్, ఇంతకుముందు బ్యాండ్ వచ్చిన పురుగు డీఎన్‌ఏ, గొర్రె రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏ. ఈ నాలుగోది చాలామంది పెట్టరు. పెట్టండి. పైన చెప్పిన నా కథ మీకు జరగకుండా ఆపేది అదే.

9. జెల్ చదవడం

2 శాతం అగరోజ్ జెల్, పక్కన పొడవు పోల్చుకోవడానికి 100 బేస్‌పెయిర్ల ల్యాడర్. హీమాంకస్‌కు సుమారు 320 బేస్‌పెయిర్ల దగ్గర ఒక్కటే బ్యాండ్ రావాలి. నీళ్ల లేన్, బ్లాంక్ లేన్, గొర్రె లేన్ ఖాళీగా ఉండాలి.

నీళ్ల లేన్‌లో బ్యాండ్ వస్తే ఆ రోజు ఫలితాలన్నీ కొట్టేయండి, ఎంత బాగున్నా సరే. కొత్త నీళ్లు, కొత్తగా పలచన చేసిన ప్రైమర్లతో మళ్లీ చేయండి. నీళ్ల లేన్ శుభ్రంగా ఉండి బ్లాంక్‌లో మాత్రం వస్తే పీసీఆర్‌లో తప్పు లేదు, డీఎన్‌ఏ తీసేటప్పుడే ఎక్కడో కలిసింది. బ్లేడు, కత్తెర, లైసిస్ బఫర్ చూసుకోండి.

బ్యాండ్ అసలు రాకపోతే ఈ వరుసలో వెళ్లండి. ముందు పాజిటివ్ కంట్రోల్, అంటే ఇంతకుముందు బ్యాండ్ వచ్చిన పురుగు లేన్ చూడండి. అది కూడా రాకపోతే లోపం మిశ్రమంలో ఉంది, డీఎన్‌ఏలో కాదు. అది వచ్చి మీ పురుగు రాకపోతే డీఎన్‌ఏను 10 రెట్లు, 50 రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి. మన సహజబుద్ధి దీనికి వ్యతిరేకం, బ్యాండ్ రాకపోతే డీఎన్‌ఏ ఎక్కువ వేస్తాం. హీమ్ మిగిలిన చోట అది ఇంకా చెడుపు, డీఎన్‌ఏతో పాటు హీమ్ కూడా రెట్టింపు పడుతుంది. పలచన చేసినా రాకపోతే పాజిటివ్ కంట్రోల్ ట్యూబులో మీ డీఎన్‌ఏ 1 మైక్రోలీటర్ కలిపి చూడండి. దాంతో ఆ బ్యాండ్ కూడా మాయమైతే అడ్డుపడే పదార్థం ఉన్నట్టు రుజువైంది. మిశ్రమంలో బీఎస్ఏ అనే ప్రొటీన్ (మైక్రోలీటర్‌కు 0.2 మైక్రోగ్రాములు) కలిపితే చాలావరకు దారికొస్తుంది. ఇవన్నీ అయ్యాకే ప్రైమర్లను అనుమానించండి.

ఒకటికి మించి బ్యాండ్లు వస్తే 55 డిగ్రీలను రెండేసి డిగ్రీలు పెంచుతూ పోండి.

10. బ్యాండ్ వచ్చినంత మాత్రాన హీమాంకస్ కాదు

ఎన్‌సీ1, ఎన్‌సీ2 ప్రైమర్లు ట్రైకోస్ట్రాంజిలస్, ఈసోఫాగోస్టోమం లాంటి దగ్గరి బంధువుల్లోనూ పనిచేస్తాయి, బ్యాండు కూడా అటూ ఇటుగా అదే చోట పడుతుంది. అందుకే సీక్వెన్స్ చేయించాలి, అదీ రెండు వైపుల నుంచి.

వచ్చిన సీక్వెన్స్‌లో ఐటీఎస్-2 భాగం హీమాంకస్‌కు 231 బేస్‌పెయిర్లు. పశువుల్లో ఉండే హీమాంకస్ ప్లాసీకీ దీనికీ పొడవు ఒకటే, తేడా మూడంటే మూడు అక్షరాల్లో: 24, 205, 219 స్థానాల్లో. గొర్రెలు, ఆవులు ఒకే బీడులో మేసే మన ఊళ్లలో ఈ మూడు స్థానాల్ని తప్పకుండా కంటితో చూడాలి. డేటాబేస్ పోలిక చూపించే "99 శాతం" మీద వదిలేయొద్దు. 231లో మూడు తేడాలంటేనే ఒక శాతం పైచిలుకు.

సీక్వెన్స్‌తో వచ్చే క్రోమాటోగ్రామ్ (ఒక్కో అక్షరానికి ఒక్కో శిఖరం చూపే గ్రాఫ్) తెరిచి చూడండి. అక్కడక్కడా ఒకే స్థానంలో రెండు శిఖరాలు కనిపిస్తే వెంటనే కల్తీ అనుకోవద్దు. ఒకే పురుగులోని ఐటీఎస్ నకళ్ల మధ్య చిన్న తేడాలు ఉండటం ఈ జాతిలో మామూలే. ఒక చోటు నుంచి చివరిదాకా ప్రతి స్థానంలోనూ రెండేసి శిఖరాలుంటే మాత్రం పొడవులో తేడా ఉన్న నకళ్లు కలిసి ఉన్నాయన్నమాట; అవి ఒకే పురుగువో, రెండు పురుగులో, రెండు జాతులో కలిశాయో చూసుకోండి.

11. నట్టల మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే

"తాగించాం, అయినా తగ్గలేదు" అని కాపరులు చెప్పినప్పుడు ఈ డీఎన్‌ఏతోనే ఒక మెట్టు ముందుకు వెళ్లొచ్చు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వర్గం మందులు పురుగులోని బీటా-టుబ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. ఆ ప్రొటీన్‌లో 200వ స్థానంలో ఫినైల్‌అలనిన్ ఉంటే మందు పట్టుకుంటుంది. దాని కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు డీఎన్‌ఏ అక్షరాలు) టీటీసీ నుంచి టీఏసీగా మారి టైరోసిన్ వస్తే పట్టు జారిపోతుంది. 167, 198 స్థానాల్లోని మార్పులు కూడా ఇదే పని చేస్తాయి.

ఈ టుబ్యులిన్ జన్యువుకు పురుగులో ఒకటికి మించి రూపాలున్నాయి, వాటిలో ఐసోటైప్-1కు మాత్రమే అతికే ప్రైమర్లు తీసుకోండి. ఐసోటైప్-2 కూడా కలిసి పెరిగితే సీక్వెన్స్ చదవలేరు. ఈ జన్యువుకు ఐటీఎస్ లాగా వందల నకళ్లు ఉండవు, కాబట్టి పలచన చేసిన డీఎన్‌ఏ కాకుండా శుభ్రమైన డీఎన్‌ఏ కావాలి. సీక్వెన్స్‌లో 200వ కోడాన్ నడిమి అక్షరం చూడండి. టీ అక్షరం ఒక్కటే ఉంటే ఈ స్థానం వరకు మందుకు లొంగే రకం, ఏ అక్షరం ఒక్కటే ఉంటే లొంగని రకం, రెండు శిఖరాలూ ఉంటే ఒక్కో రకం ఒక్కో తల్లిదండ్రి నుంచి వచ్చింది. ఈ లక్షణం చాలావరకు అంతర్గతం (రెండు నకళ్లూ మారితేనే బయటపడేది), కాబట్టి రెండు శిఖరాల పురుగును మందు చంపుతుంది గానీ దాని పిల్లల్లో కొన్నింటిని చంపలేదు. మొత్తం ఆడ పురుగును కరిగిస్తే ఈ రెండు శిఖరాలు ఆమెవో, గుడ్లలోవో చెప్పలేం. మూడో మెట్టులో మగవాటి కోసం అంత పట్టుబట్టింది ఇందుకే.

ఒక్క పురుగు చూసి మంద గురించి మాట్లాడొద్దు. మందకు కనీసం ముప్పై పురుగులైనా, వేర్వేరు గొర్రెల నుంచి, విడివిడిగా చేయాలి. దానికి తోడు పేడలో గుడ్ల లెక్క కూడా కావాలి. మందు తాగించే రోజు ఒకసారి, 10-14 రోజుల తర్వాత మరోసారి అవే గొర్రెల పేడ చూడండి. గుడ్లు 95 శాతం కంటే తక్కువ తగ్గి, ఆ లెక్క గణాంక నమ్మక పరిధిలో కింది హద్దు 90 శాతానికి దిగువన ఉంటే మందు పనిచేయడం లేదని చెప్పొచ్చు. మందు బరువుకు తగినంత పడిందా అన్నది కాపరిని అడిగి తెలుసుకోండి. చాలాచోట్ల మందలోని గొర్రెలన్నింటికీ ఒకే కొలతతో తాగిస్తారు, బరువైన గొర్రెకు అది చాలదు. అప్పుడు గుడ్లు తగ్గకపోవడం జన్యువు తప్పు కాదు.

ఫలితం వచ్చాక ఆ మంద ఏ ఊరిదో సంచి మీద రాసుకున్నారు కదా, కాపరికీ, ఆ మండలం పశువైద్యుడికీ తెలుగులో ఒక కాగితం రాసి ఇవ్వండి: ఏ మందు, ఎన్ని పురుగులు చూశారు, అందులో ఎన్ని లొంగని రకం. మిగిలిన డీఎన్‌ఏను రెండు ట్యూబుల్లో పంచి, ఒకటి మైనస్ 20లో ఉంచండి, రెండోది తోక స్లైడు నంబరు వేసి విడిగా వేరే ఫ్రీజర్‌లో పెట్టండి. కరెంటు పోయిన ఒక్క వేసవి రాత్రికి ఒక ఫ్రీజర్ మొత్తం పోవడం నేను చూశాను.